మాడ్యూల్ ఏ పైథాన్ వెర్షన్‌తో ఇన్‌స్టాల్ అయిందో కనిపెట్టడం ఎలా?

ఒక మాడ్యూల్‌ను (ప్రోగ్రామ్‌లో తెచ్చి వాడుకునే, ముందే రాసిపెట్టిన కోడ్‌ను) పైథాన్ ఇన్‌స్టాలర్ అయిన పిప్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే "రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్" అంటుంది. ప్రోగ్రామ్ నడిపితే "మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్" వస్తుంది. రెండూ ఒకే స్క్రీన్ మీద, ఒకదాని కింద ఒకటి. దీనికేం చేయాలని చాలామంది అడుగుతూనే ఉన్నారు. వాళ్లలో కోర్సు మొదలుపెట్టిన విద్యార్థులున్నారు, పాత సర్వర్లు చూసుకునే ఉద్యోగులూ ఉన్నారు.

ఆ రెండు మాటలూ నిజమే. కాకపోతే వాటిని చెబుతున్నవి రెండు వేర్వేరు పైథాన్లు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టుకుంటే పెద్దాయన వంటింట్లో ఉన్న ఉప్పు చిన్నాయన కూరలో పడదు. పైథాన్ 3.10కి ఇన్‌స్టాల్ చేసిన మాడ్యూల్ 3.12కి కనబడకపోవడం కూడా అలాంటిదే.

కాబట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేముందు ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి: ఆ మాడ్యూల్‌ను ఏ పైథాన్ తెచ్చి పెట్టింది? దానికి ఆనవాళ్లు డిస్క్ మీదే ఉంటాయి.

1. మొదలుపెట్టే ముందు

ఇందులో కమాండ్లను, ఫైల్ పేర్లను మనం పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట చెబుతాను. చుక్కలు, అడ్డగీతలు, అంకెలు, ఖాళీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. ఉదాహరణలన్నీ "రిక్వెస్ట్స్" అనే మాడ్యూల్‌తో ఇచ్చాను. దాని బదులు మీకు కావాల్సిన పేరు పెట్టుకోండి.

సిద్ధం చేసుకోవాల్సినవి:

☐ ఎర్రర్ మెసేజ్ మొత్తాన్ని ఒక ఫైల్‌లో కాపీ చేసుకోండి. చివరి వరుస ఒక్కటే సరిపోదు, పైన ఉండే దారుల్లో (ఫైళ్లు ఉన్న చోటు చెప్పే పాత్‌లలో) వెర్షన్ దొరకవచ్చు.
☐ ప్రోగ్రామ్‌ను ఎలా నడుపుతున్నారో రాసుకోండి. టెర్మినల్ నుంచా, ఎడిటర్‌లో బటన్ నొక్కా, క్రాన్ (చెప్పిన వేళకు ప్రోగ్రామ్‌లను నడిపే సదుపాయం) నుంచా?
☐ ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ రెండూ ఆపేయండి. ఈ దశలో కొత్తగా ఏది చేసినా పాత ఆనవాళ్లు చెరిగిపోతాయి.

మూడోది మీకు కష్టంగానే ఉంటుందని తెలుసు. టెన్షన్‌లో చేయి ముందు పిప్ మీదికే పోతుంది. అయినా ఆగండి.

2. మెషీన్‌లో ఎన్ని పైథాన్లు ఉన్నాయో లెక్కపెట్టండి

లినక్స్‌లో, మ్యాక్‌లో:

విచ్ -ఏ పైథాన్3
ఎల్ఎస్ /యుఎస్ఆర్/బిన్/పైథాన్3* /యుఎస్ఆర్/లోకల్/బిన్/పైథాన్3*

మ్యాక్‌లో ఆపిల్ చిప్ ఉంటే హోమ్‌బ్రూ (ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసే పనిముట్టు) పెట్టినవి /ఆప్ట్/హోమ్‌బ్రూ/బిన్ ఫోల్డర్‌లో ఉంటాయి. అక్కడా చూడండి.

విండోస్‌లో:

పివై -0పి
వేర్ పైథాన్

మొదటి కమాండ్ మెషీన్‌లో నమోదైన పైథాన్లను దారులతో సహా చూపిస్తుంది. రెండోది "పైథాన్" అని కొట్టినప్పుడు ఏ ఫైల్ నడుస్తుందో వరుసగా చెబుతుంది. ఆ జాబితాలో "విండోస్‌యాప్స్" అనే ఫోల్డర్ పేరుంటే, అది మైక్రోసాఫ్ట్ స్టోర్‌ను తెరిచే ఉత్తి గుమ్మం కావచ్చు. దాన్ని పైథాన్‌గా లెక్కపెట్టేముందు వెర్షన్ అడిగి చూడండి.

వచ్చిన దారులన్నీ కాగితం మీద రాసుకోండి. రెండు మూడు రావడం మామూలే. అనకొండ (తన సొంత పైథాన్‌ను వెంట తెచ్చే ప్యాకేజీల కట్ట) కూడా ఉంటే ఇంకొకటి చేరుతుంది.

3. "పిప్" ఎవరి పిప్?

పిప్ అనేది సొంత కాళ్ల మీద నిలబడే ప్రోగ్రామ్ కాదు. ఏదో ఒక పైథాన్‌కు చెందిన మాడ్యూల్ అది. మీరు ఉత్త "పిప్" అని కొడితే కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో ముందు తగిలిన పిప్ నడుస్తుంది. అది మీ ప్రోగ్రామ్ నడిపే పైథాన్‌దే కావాలన్న నియమం లేదు.

ముందు ఈ కమాండ్ కొట్టండి:

పిప్ --వెర్షన్

జవాబు ఒకే వరుసలో వస్తుంది. అందులో పిప్ వెర్షన్, అది ఉన్న ఫోల్డర్, చివర బ్రాకెట్లో పైథాన్ వెర్షన్ ఉంటాయి. మనకు కావాల్సింది ఆ బ్రాకెట్లోది. చాలామంది మొదట కనిపించే 24.0 లాంటి అంకెను చూసి అదే పైథాన్ వెర్షన్ అనుకుంటారు. అది పిప్ సొంత వెర్షన్.

తర్వాత, మీ జాబితాలో ఉన్న ఒక్కో పైథాన్‌ను దాని పేరుతోనే అడగండి:

పైథాన్3.10 -ఎం పిప్ --వెర్షన్
పైథాన్3.12 -ఎం పిప్ --వెర్షన్

విండోస్‌లో అయితే "పివై -3.12 -ఎం పిప్ --వెర్షన్".

"-ఎం పిప్" అంటే "ఈ పైథాన్‌కు చెందిన పిప్‌నే నడుపు" అని. ఇక్కడి నుంచి ఉత్త "పిప్" వాడటం మానేయండి. ఈ వ్యాసంలో ఒక్క సలహా మాత్రమే పాటించగలరంటే ఇదే పాటించండి.

4. మాడ్యూల్ ఎక్కడుందో అడగండి

పైథాన్3.10 -ఎం పిప్ షో రిక్వెస్ట్స్
పైథాన్3.12 -ఎం పిప్ షో రిక్వెస్ట్స్

ఎవరి దగ్గర ఉంటే వాళ్ల జవాబులో "లొకేషన్" అనే వరుస వస్తుంది. లేనివాళ్లు ప్యాకేజీ దొరకలేదని హెచ్చరిక ఇస్తారు. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

పేరు విషయంలో జాగ్రత్త. ఇంపోర్ట్ చేసే పేరు, ఇన్‌స్టాల్ చేసే పేరు ఒకటే కానవసరం లేదు. ప్రోగ్రామ్‌లో సివి2 అని రాసేది ఓపెన్‌సివి-పైథాన్‌గా ఇన్‌స్టాల్ అవుతుంది. పిఐఎల్ అని పెద్ద అక్షరాల్లో రాసేది పిల్లో ప్యాకేజీ. ఎస్‌కెలెర్న్ అసలు పేరు సైకిట్-లెర్న్. బిఎస్4 అసలు పేరు బ్యూటిఫుల్‌సూప్4. "పిప్ షో సివి2" అని అడిగి, లేదంటోందని కంగారుపడకండి.

ప్రోగ్రామ్ వైపు నుంచి కూడా అడగొచ్చు. పైథాన్ తెరిచి:

ఇంపోర్ట్ రిక్వెస్ట్స్
ప్రింట్(రిక్వెస్ట్స్.__ఫైల్__)

"ఫైల్" మాటకు రెండు వైపులా రెండేసి అండర్‌స్కోర్లు ఉంటాయి. వచ్చిన దారి మీరు పనిచేస్తున్న ఫోల్డర్‌లోనే ఉందంటే కారణం వేరు. మీరే ఎప్పుడో అదే పేరుతో ఒక ఫైల్ రాసిపెట్టారు, పైథాన్ దాన్ని తీసుకుంటోంది. ఆ ఫైల్ పేరు మార్చండి.

ఏ పైథాన్ కూడా తన దగ్గర ఉందని ఒప్పుకోకపోతే మాడ్యూల్ పక్కనే ఉండే డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్ కోసం డిస్క్ మొత్తం వెతకాలి. లినక్స్‌లో:

ఫైండ్ / -టైప్ డి -ఐనేమ్ "రిక్వెస్ట్స్-*.డిస్ట్-ఇన్ఫో" 2>/డెవ్/నల్

ప్యాకేజీ పేరులో అడ్డగీత ఉంటే ఈ ఫోల్డర్ పేరులో సాధారణంగా అండర్‌స్కోర్ అవుతుంది. సైకిట్-లెర్న్ కోసం వెతుకుతుంటే ఆ అడ్డగీత చోట ఒక నక్షత్రం గుర్తు పెట్టండి, రెండు రూపాలూ దొరుకుతాయి.

5. దొరికిన దారిని చదవడం

చాలాసార్లు దారిలోనే వెర్షన్ రాసి ఉంటుంది.

- /హోమ్/మీపేరు/.లోకల్/లిబ్/పైథాన్3.10/సైట్-ప్యాకేజెస్: 3.10తో, మీ యూజర్ కోసం మాత్రమే ఇన్‌స్టాల్ అయింది.
- /యుఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.12/డిస్ట్-ప్యాకేజెస్: డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలున్న మెషీన్లలో సూడోతో (అడ్మిన్ హక్కులతో) పిప్ నడిపితే ఇక్కడికి చేరుతుంది.
- విండోస్‌లో యాప్‌డేటా\లోకల్\ప్రోగ్రామ్స్\పైథాన్\పైథాన్311\లిబ్\సైట్-ప్యాకేజెస్: 311 అంటే 3.11.
- విండోస్‌లో యాప్‌డేటా\రోమింగ్\పైథాన్\పైథాన్311\సైట్-ప్యాకేజెస్: ఇదీ 3.11దే, కాకపోతే యూజర్ ఇన్‌స్టాల్.

దారి నోరు విప్పని చోట్లు రెండున్నాయి. ఒకటి, డెబియన్ కుటుంబంలోని /యుఎస్ఆర్/లిబ్/పైథాన్3/డిస్ట్-ప్యాకేజెస్. ఇక్కడ ఉత్త 3 తప్ప చుక్క తర్వాతి అంకె ఉండదు. ఇది ఆప్ట్ (ఆ సిస్టమ్‌ల సొంత ఇన్‌స్టాలర్) పెట్టే చోటు, పిప్‌ది కాదు. "డిపికెజి -ఎస్" అని కొట్టి ఫైల్ దారి ఇస్తే (ఎస్ పెద్ద అక్షరం) ఏ ఆప్ట్ ప్యాకేజీ తెచ్చిందో చెబుతుంది. రెండోది, విండోస్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్). అక్కడ లిబ్\సైట్-ప్యాకేజెస్ అని మాత్రమే ఉంటుంది, వెర్షన్ ఉండదు. దాని సంగతి 7వ భాగంలో చెబుతాను.

6. దారి చెప్పకపోతే ఫైళ్లను అడగండి

ఎవరో ఫోల్డర్‌ను కాపీ చేసి వేరేచోట పెట్టారు, లేదా "-టి" ఆప్షన్‌తో సొంత ఫోల్డర్‌లోకి ఇన్‌స్టాల్ చేశారు అనుకుందాం. ఇక దారిని నమ్మలేం. అప్పుడు పనికొచ్చేది మాడ్యూల్ పక్కనే ఉండే డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్. లోపలి ఫైళ్లలో మనకు మూడు ముఖ్యం. మూడింటి పేర్లూ పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఏ ఎడిటర్‌తోనైనా తెరవొచ్చు.

6.1 ఇన్‌స్టాలర్

ఒకే ఒక్క మాట ఉండే ఫైల్. పిప్, కొండా (అనకొండ ఇన్‌స్టాలర్), యువి (పిప్ లాంటిదే ఇంకొకటి) వంటి పేరుంటుంది. ఏ పనిముట్టు తెచ్చిందో ఇది చెబుతుంది. వెర్షన్ చెప్పదు, కానీ తర్వాతి రెండు ఫైళ్లను ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

6.2 రికార్డ్

నా మాటలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే. ఇన్‌స్టాల్ చేసిన ప్రతి ఫైల్ పేరూ ఇందులో రాసి ఉంటుంది. పిప్ మామూలుగా ఇన్‌స్టాల్ సమయంలోనే ఫైళ్లను కంపైల్ చేసి (పైథాన్ త్వరగా లోడ్ చేసుకునే రూపంలోకి మార్చి), ఆ కంపైల్ అయిన పివైసి ఫైళ్ల పేర్లను కూడా ఇందులో రాస్తుంది. ఇలాంటి వరుసలు కనిపిస్తాయి:

రిక్వెస్ట్స్/__పైక్యాష్__/ఏపిఐ.సిపైథాన్-310.పివైసి,,

సిపైథాన్-310 అంటే ఇన్‌స్టాల్ చేసింది 3.10. ఇక సందేహం అక్కర్లేదు.

ఒక తేడా గమనించండి. __పైక్యాష్__ ఫోల్డర్‌ను నేరుగా తెరిస్తే 310 తోపాటు 312 ఫైళ్లు కూడా కనిపించవచ్చు. తర్వాత ఎవరైనా 3.12తో ఆ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి ఉంటే, అది తన కాపీని అక్కడ పెట్టుకుంటుంది. అంటే ఆ ఫోల్డర్ "ఎవరెవరు వాడారు" అని చెబుతుంది. రికార్డ్ ఫైల్ "ఎవరు తెచ్చారు" అని చెబుతుంది. చూడాల్సింది రికార్డ్ ఫైల్‌నే.

రికార్డ్‌లో పివైసి వరుసలు అసలే లేకపోతే? ఇన్‌స్టాలర్ ఫైల్ చూడండి. యువి మామూలుగా కంపైల్ చేయదు. పిప్‌ను "--నో-కంపైల్" ఆప్షన్‌తో నడిపినా ఆ వరుసలు ఉండవు. అప్పుడు తర్వాతి ఆనవాలుకు వెళ్లాలి.

6.3 వీల్

ఇందులో "ట్యాగ్" అనే వరుస చూడండి.

- సిపి311-సిపి311 అని మొదలైతే ఆ ప్యాకేజీ 3.11 కోసమే తయారైంది. ఇన్‌స్టాల్ చేసిందీ 3.11 అని దాదాపు ఖాయం.
- పివై3-నన్-ఎనీ అని ఉంటే అది ఏ పైథాన్ 3కైనా సరిపోయేది. వెర్షన్ గురించి ఏమీ చెప్పదు.
- సిపి39-ఏబిఐ3 అని ఉంటే జాగ్రత్త. 3.9, ఆ పైవాటన్నిటికీ పనికొస్తుందని దాని అర్థం. 39 చూసి "3.9తో ఇన్‌స్టాల్ చేశారు" అని తేల్చేయకండి.

6.4 సి భాషలో రాసిన భాగాలు

నంపై, పాండాస్ లాంటి వాటిలో కంపైల్ చేసిన లైబ్రరీ ఫైళ్లుంటాయి. లినక్స్‌లో వాటి పేరు చివర సిపైథాన్-311-ఎక్స్86_64-లినక్స్-జిఎన్‌యు.ఎస్ఓ అనీ, విండోస్‌లో సిపి311-విన్_ఏఎండి64.పివైడి అనీ ఉంటుంది. ఆ ట్యాగ్ వేరే వెర్షన్‌ది అయితే ఆ ఫైల్ లోడ్ కాదు. ఫోల్డర్ అంతా కళ్లముందే ఉన్నా, ఇంపోర్ట్ సగంలో ఆగి, లోపలి భాగం ఏదో దొరకలేదని ఎర్రర్ వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. సైట్-ప్యాకేజెస్‌ను ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కు కాపీ చేసినవాళ్లకు ఎదురయ్యేది సరిగ్గా ఇదే.

7. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అయితే

ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌లో పైవెన్వ్.సిఎఫ్‌జి అనే చిన్న ఫైల్ ఉంటుంది. అందులో "హోమ్" వరుస అసలు పైథాన్ ఉన్న చోటును, "వెర్షన్" వరుస తయారైన రోజున ఉన్న వెర్షన్‌ను చూపిస్తాయి. విండోస్‌లో దారి చెప్పని సంగతిని ఇదే చెబుతుంది.

"తయారైన రోజున" అన్నది ముఖ్యం. లినక్స్‌లో ఎన్విరాన్‌మెంట్ లోపలుండే పైథాన్ మామూలుగా అసలు పైథాన్‌కు లింక్ మాత్రమే. ఉబుంటు 22.04లో సిస్టమ్ పైథాన్ 3.10. 24.04లో అది 3.12. అప్‌గ్రేడ్ తర్వాత ఆ లింక్ 3.12ను చూపిస్తుంది. మాడ్యూళ్లు మాత్రం లిబ్/పైథాన్3.10 లోనే ఉండిపోతాయి. ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసినా (వాడకంలోకి తెచ్చినా) ఒక్క మాడ్యూల్ దొరకదు.

నేను ఒకసారి ఇలాంటి అప్‌గ్రేడ్‌లోనే ఇరుక్కున్నాను. ఒక ఆఫీసు సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేశాక రాత్రిపూట రావాల్సిన రిపోర్టులు ఆగిపోయాయి. నేను పిప్ స్క్రిప్ట్ మొదటి వరుస తెరిచి చూశాను. ఆ వరుస దాన్ని ఏ పైథాన్ నడపాలో చెబుతుంది. అక్కడ /యుఎస్ఆర్/బిన్/పైథాన్3 అని ఉంది. ఇప్పుడు పైథాన్3 అంటే 3.12 కాబట్టి మాడ్యూళ్లు కూడా 3.12వే అనుకుని సాయంత్రమంతా వేరే కారణాల కోసం వెతికాను. రికార్డ్ ఫైల్ తెరిచి 310 చూశాక గానీ తెలియలేదు. ఆ మొదటి వరుస ఈరోజు ఎవరు నడుపుతారో చెబుతుంది, ఆ రోజు ఎవరు ఇన్‌స్టాల్ చేశారో చెప్పదు.

8. టెర్మినల్ బయట నడిచేవి

జూపిటర్ నోట్‌బుక్: నోట్‌బుక్ తెరిచిన పైథాన్, లోపల సెల్స్ నడిపే పైథాన్ వేరు కావచ్చు. ఒక సెల్‌లో ఇది నడపండి:

ఇంపోర్ట్ సిస్
ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్)

"సిస్" అక్షరాలు ఎస్, వై, ఎస్. వచ్చిన దారే ఆ నోట్‌బుక్ పైథాన్. సెల్‌లో నుంచి ఇన్‌స్టాల్ చేయాలంటే ఆశ్చర్యార్థకంతో "!పిప్" కాకుండా శాతం గుర్తుతో "%పిప్ ఇన్‌స్టాల్" అని రాయండి. రెండోది నడుస్తున్న కెర్నల్‌కే (సెల్స్ నడిపే పైథాన్‌కే) ఇన్‌స్టాల్ చేస్తుంది.

విఎస్ కోడ్: కమాండ్ ప్యాలెట్‌లో "పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రిటర్" తెరిచి ఏది ఎంచుకుని ఉందో చూడండి.

క్రాన్: దానికి మీ టెర్మినల్ సెట్టింగులు తెలియవు. అది వెతికే ఫోల్డర్ల జాబితా చాలా చిన్నది. క్రాన్ వరుసలో పైథాన్ పూర్తి దారి రాయండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

సూడోతో పిప్ నడపడం. మాడ్యూల్ సిస్టమ్ పైథాన్‌కు పోతుంది, మీ ఎన్విరాన్‌మెంట్‌కు రాదు. యాక్టివేట్ చేసి ఉన్నా అంతే, ఎందుకంటే సూడో సాధారణంగా తన సొంత దారుల జాబితానే వాడుతుంది. ఎన్విరాన్‌మెంట్ లోపల సూడో అవసరమే లేదు.

"ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అనే ఎర్రర్‌ను బలవంతంగా దాటడం. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి ఇది వస్తోంది. సిస్టమ్ పైథాన్‌ను పాడుచేయవద్దనే హెచ్చరిక అది. "--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్" పెట్టకండి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారు చేసుకోండి.

పాత దారి గుర్తుండిపోవడం. బాష్ (టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్) ఒకసారి కనుక్కున్న కమాండ్ చోటును గుర్తుపెట్టుకుంటుంది. పిప్ మార్చినా పాతదే నడుస్తుంటే "హ్యాష్ -ఆర్" కొట్టండి, లేదా కొత్త టెర్మినల్ తెరవండి.

ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్ పేరు మార్చడం. లోపలి స్క్రిప్టుల మొదటి వరుసలో పాత దారే ఉంటుంది, అవి నడవవు. జరిపినా, పేరు మార్చినా కొత్తది చేసుకోవడమే మేలు.

పైథాన్‌పాత్ సెట్ అయి ఉండటం. మాడ్యూళ్ల కోసం ఇంకా ఎక్కడెక్కడ వెతకాలో పైథాన్‌కు చెప్పే వేరియబుల్ ఇది. ఎప్పుడో ఎవరో పెట్టిన ఈ వేరియబుల్ వేరే వెర్షన్ ఫోల్డర్‌ను తెచ్చి అడ్డం పెడుతుంది. లినక్స్‌లో "ఎకో $పైథాన్‌పాత్" కొట్టి చూడండి, పేరంతా పెద్ద అక్షరాల్లో. ఏదైనా కనిపిస్తే ఆ టెర్మినల్‌లో తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

10. సరిచేసే క్రమం

ఏ వెర్షన్ తెచ్చిందో తెలిసింది, ప్రోగ్రామ్‌కు ఏ వెర్షన్ కావాలో తెలుసు. ఇప్పుడు కీబోర్డు ముట్టుకోవచ్చు.

మొదట పాత ప్యాకేజీల జాబితా తీయండి. పాత పైథాన్ ఇంకా ఉంటే:

పైథాన్3.10 -ఎం పిప్ ఫ్రీజ్ > రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి

పాత పైథాన్ మెషీన్‌లో లేకపోయినా దిగులుపడనక్కర్లేదు. పిప్ ఉన్న ఇంకో పైథాన్‌తో ఆ ఫోల్డర్‌ను చదివించవచ్చు. ఇది తెలియక ప్యాకేజీల పేర్లు ఒక్కొక్కటే చేత్తో రాసుకునేవాళ్లను చూశాను:

పైథాన్3 -ఎం పిప్ ఫ్రీజ్ --పాత్ ~/.లోకల్/లిబ్/పైథాన్3.10/సైట్-ప్యాకేజెస్ > రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి

తర్వాత కావాల్సిన వెర్షన్‌తో కొత్త ఎన్విరాన్‌మెంట్:

పైథాన్3.12 -ఎం వెన్వ్ కొత్తది
కొత్తది/బిన్/పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి
కొత్తది/బిన్/పైథాన్ -ఎం పిప్ చెక్

"కొత్తది" అన్నచోట ఇంగ్లిష్‌లో మీకు నచ్చిన పేరు పెట్టండి. విండోస్‌లో మొదటి వరుస "పివై -3.12 -ఎం వెన్వ్" అవుతుంది, బిన్ బదులు స్క్రిప్ట్స్ ఫోల్డర్ ఉంటుంది. చివరి కమాండ్ ప్యాకేజీల మధ్య పొసగనివి ఉంటే చెబుతుంది.

మధ్యలో ఏదైనా పాత ప్యాకేజీ మొరాయిస్తే, దాని ఆ వెర్షన్ కొత్త పైథాన్ కోసం తయారై ఉండకపోవచ్చు. 3.12లో డిస్ట్‌యుటిల్స్‌ను (ప్యాకేజీలు తయారు చేసే పాత పనిముట్టును) పైథాన్ నుంచే తీసేశారు కాబట్టి దాని మీద ఆధారపడ్డ పాతవి ఇక్కడ ఆగుతాయి. జాబితాలో ఆ ఒక్క ప్యాకేజీ పక్కనున్న వెర్షన్ అంకె తీసేసి కొత్త వెర్షన్ రానివ్వండి.

ఆఖరి పరీక్షను ప్రోగ్రామ్ అసలు ఎలా నడుస్తుందో అలాగే చేయండి. క్రాన్‌లో నడిచేదైతే క్రాన్‌లోనే.

☐ ప్రోగ్రామ్ మొదట్లో సిస్.ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చేస్తే కొత్త ఎన్విరాన్‌మెంట్ దారి వస్తోందా?
☐ మాడ్యూల్ __ఫైల్__ దారి ఆ ఎన్విరాన్‌మెంట్ లోపలే ఉందా?
☐ కొత్త రికార్డ్ ఫైల్‌లో 312 కనిపిస్తోందా?
☐ పాత ఫోల్డర్ ఇంకా చెక్కుచెదరకుండా ఉందా?

పాత సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్‌ను వెంటనే తీసేయకండి. ముందు దాని పేరు మార్చి వదిలేయండి. నెలాఖరు రిపోర్టు లాంటి, అరుదుగా నడిచే ప్రోగ్రామ్‌లు కూడా ఒక విడత నడిచాక తీసేయవచ్చు.